సొంత ఊరి కోర్టులో ఐరోపా చట్టం: సామాన్యుడి చేతికి అది ఎంతవరకు అందుతుంది?

#1 · న్యాయవిద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎల్‌ఎల్‌ఎం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో ఐరోపా సమాఖ్య చట్టం ఒక పేపరుగా ఉంది. మన ప్రభుత్వం ఒక అంతర్జాతీయ ఒప్పందంపై సంతకం చేసినంత మాత్రాన ఆ కాగితం చూపించి ఎవరూ జిల్లా కోర్టులో హక్కు అడగలేరని, రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేశాకనే అది కోర్టు గుమ్మం తొక్కుతుందని మనందరం చదువుకున్నదే. ఐరోపాలో మాత్రం 1963 నుంచి వేరే పద్ధతి నడుస్తోంది. ఒప్పందంలోని ఒక నియమాన్ని, దాన్ని అమలు చేసే దేశీయ చట్టమేదీ లేకపోయినా, ఒక మామూలు మనిషి తన దేశపు కోర్టులో తన ప్రభుత్వం మీదనే ప్రయోగించవచ్చునట. దీన్ని వాళ్లు డైరెక్ట్ ఎఫెక్ట్ అంటారు. నేను ప్రత్యక్ష ప్రభావం అని రాస్తున్నాను, ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

నాకు కొరుకుడు పడనివి రెండు. ఈ మాట అసలు ఒప్పందంలో ఎక్కడా లేదు, మరి న్యాయమూర్తులకు ఎక్కడ దొరికింది? తరగతిలో దీన్ని పౌరుడి విజయంగా చెబుతున్నారు కానీ, కోర్టుకెక్కిన ఆ పౌరుడికి నిజంగా ఒరిగిందేమిటి?

#2 · పాత ప్లీడరు

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు ఒక జిగురు డబ్బాలో ఉంది. హాస్యానికి అనడం లేదు.

1960 సెప్టెంబరులో వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్చి రవాణా సంస్థ పశ్చిమ జర్మనీ నుంచి యూరియా ఫార్మాల్డిహైడ్ దిగుమతి చేసుకుంది. ప్లైవుడ్ అంటించే జిగుర్లలో వాడే రసాయనం అది. నేటి ఐరోపా సమాఖ్యకు పునాది వేసిన రోమ్ ఒప్పందం 1958 జనవరి 1న అమల్లోకి వచ్చే నాటికి దానిపై సుంకం 3 శాతం ఉండేది. తరువాత బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి తమ సుంకాల పట్టికను తిరగరాసుకున్నప్పుడు ఆ సరుకు వేరే పద్దులోకి జారి, సుంకం 8 శాతమైంది. రేటును నేరుగా పెంచింది ఎవరూ లేరు, వర్గీకరణే మారింది. మన కస్టమ్స్ వారితో, జీఎస్‌టీ వారితో పనిపడిన వారికి ఈ విద్య కొత్తది కాదు.

ఒప్పందం 12వ అధికరణం ఏమంటుందంటే, సభ్య దేశాలు తమ మధ్య కొత్త సుంకాలు వేయరాదు, ఉన్నవి పెంచరాదు. సంస్థ దీన్ని పట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లోని సుంకాల అప్పీళ్ల న్యాయాధికరణానికి వెళ్లింది. ఆ న్యాయాధికరణం తానే తేల్చకుండా, ఈ అధికరణం ఆధారంగా ఒక ప్రైవేటు వ్యక్తి జాతీయ కోర్టులో హక్కు కోరవచ్చునా అని లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానాన్ని అడిగింది. డచ్చి, బెల్జియం, జర్మనీ ప్రభుత్వాలు మూడూ కాదనే వాదించాయి. దేశాలు మాట తప్పితే కమిషన్ (ఒప్పందం అమలును చూసే ఐరోపా కార్యనిర్వాహక సంస్థ) గానీ మరో సభ్య దేశం గానీ దావా వేయడానికి ఒప్పందంలోనే దారి ఉంది కదా, మధ్యలో ఈ దిగుమతిదారు ఎవరు అన్నది వారి వాదనలోని పట్టు. అడ్వకేట్ జనరల్ కార్ల్ రోమర్ కూడా వ్యక్తులకు ఆ హక్కు లేదనే అభిప్రాయమిచ్చారు. (అక్కడి అడ్వకేట్ జనరల్ మన రాష్ట్ర ప్రభుత్వాల తరఫున వాదించేవారి వంటివారు కారు. ఆయన కోర్టులో భాగం, తీర్పుకు ముందు తటస్థంగా అభిప్రాయం రాస్తారు.)

1963 ఫిబ్రవరి 5న న్యాయస్థానం వీరందరినీ కాదంది. ఈ ఒప్పందం ప్రభుత్వాల మధ్య పరస్పర బాధ్యతలతో ఆగిపోయేది కాదని, ఇది అంతర్జాతీయ చట్టంలో ఒక కొత్త న్యాయ వ్యవస్థ అని, దీని పరిధిలోకి వచ్చేవారు దేశాలే కాక వాటి ప్రజలు కూడానని చెప్పింది. మీరడిగిన “ఎక్కడ దొరికింది” అన్నదానికి కోర్టు చూపిన ఆధారాలున్నాయి: పీఠిక ప్రభుత్వాలతో పాటు ప్రజలను కూడా ప్రస్తావిస్తుంది, పౌరులు పార్లమెంటరీ అసెంబ్లీ ద్వారా ఈ వ్యవస్థలో పాల్గొంటారు. నాకు అన్నిటికంటే బలంగా తోచేది మూడోది. జాతీయ కోర్టులు లక్సెంబర్గ్‌ను సందేహాలు అడిగే దారి 177వ అధికరణంలో పెట్టారంటేనే, ఆ కోర్టుల్లో ఎవరో ఒకరు ఈ చట్టాన్ని ఎత్తి చూపుతారని రాసినవారికి తెలుసు. లేకపోతే ఆ జడ్జీలకు సందేహం ఎందుకు వస్తుంది?

#3 · సందేహాలరావు

ప్లీడరు గారూ, కథ బాగుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ కోర్టు పూజారిని పక్కకు జరిపి, భక్తుణ్ణి నేరుగా గర్భగుడిలోకి పంపింది. భక్తుడికి సంతోషమే. కానీ గుడి కట్టిన ధర్మకర్తలు ముగ్గురూ “మేము అలా కట్టలేదు” అని మొత్తుకుంటుంటే, “మీరు కట్టింది అలాగే, మీకే తెలియదు” అనడం న్యాయమా? మీరు చూపిన మూడు ఆధారాలూ ఆ ముగింపుకు అడ్డం రావు, నిజమే. అలాగని ఆ ముగింపు తప్పనిసరి అనీ చెప్పవు. పైగా లక్సెంబర్గ్‌కు సొంతంగా పోలీసు లేడు, అమీనా లేడు. జాతీయ కోర్టులను తన వైపు తిప్పుకోవడానికి ఒక దారి కావలసి వచ్చింది, ఒక దిగుమతిదారు దొరికాడు. వాది భుజం మీద తుపాకీ పెట్టి పేల్చారని నా అనుమానం.

#4 · పాత ప్లీడరు

అనుమానం సగం నిజమే, ఆ సగాన్ని కోర్టు దాచుకోలేదు కూడా. తమ హక్కులు కాపాడుకోవడంలో వ్యక్తులు చూపే అప్రమత్తత, కమిషన్‌కూ సభ్య దేశాలకూ అప్పగించిన పర్యవేక్షణకు తోడుగా మరో గట్టి పర్యవేక్షణ అవుతుందని అదే తీర్పులో రాశారు. బ్రస్సెల్స్‌లోని అధికారులు ప్రతి రేవులోనూ ప్రతి సుంకం రసీదునూ చూడలేరు. 5 శాతం ఎక్కువ కట్టినవాడు మాత్రం తప్పక చూస్తాడు.

అయితే కోర్టు ద్వారం బార్లా తెరవలేదు. నియమం స్పష్టంగా ఉండాలి, షరతులు లేకుండా ఉండాలి, అమలు కావడానికి ప్రభుత్వం మరో చర్య తీసుకోవలసిన అవసరం ఉండకూడదు. “సుంకం పెంచరాదు” అన్నది అలాంటిదే. “ఉపాధి పెంపునకు కృషి చేయాలి” అన్నది కాదు.

#5 · పన్నుల గుమాస్తా

నాది ఆదాయపు పన్ను ప్రాక్టీసు కనుక మన వైపు చిత్రాన్ని కొంచెం సరిచేస్తాను. భారతదేశంలో వ్యక్తి ఒప్పందాన్ని పట్టుకునే సందర్భాలు లేకపోలేదు. రెండు దేశాల్లో పన్ను పడకుండా చేసుకున్న ఒప్పందాలను నా క్లయింట్లు రోజూ ఉదహరిస్తారు, చట్టం కంటే ఒప్పందం లాభమైతే ఒప్పందాన్నే ఎంచుకుంటారు. కానీ ఆ బలం ఒప్పందానిది కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 90వ సెక్షన్ దానికి ఆ బలమిచ్చింది. 2023 అక్టోబరు 19న నెస్లే కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది: ఆ సెక్షన్ కింద నోటిఫికేషన్ వెలువడితే తప్ప, ఒప్పందంలో ఉన్న “ఇంకొకరికి మేలైన రేటిస్తే మాకూ ఇవ్వాలి” అన్న షరతును కోర్టు అమలు చేయలేదు.

విశాఖ కేసు (1997) దీనికి విరుద్ధం కదా అని ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. అక్కడ పని చోట లైంగిక వేధింపులపై చట్టమే లేదు; ఆ ఖాళీలో మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని మన ప్రాథమిక హక్కుల అర్థం తేల్చడానికి వాడారు. ఒప్పందం అక్కడ దీపంలా పనిచేసింది. దేశీయ చట్టాన్ని పక్కకు నెట్టే శక్తి దానికి ఇవ్వలేదు.

#6 · కొత్త సభ్యుడు

అంటే ఐరోపాలో ఎవరైనా తన దేశం మీద నేరుగా ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్లవచ్చు, దీని గురించేనా మీరు మాట్లాడుతున్నది?

#7 · రైన్ ఒడ్డున

కాదండీ, ఈ రెండింటినీ కలపడం ఇక్కడి పత్రికలవాళ్లు కూడా చేసే పొరపాటు. మీరంటున్నది స్ట్రాస్‌బర్గ్‌లోని కోర్టు. అది 46 దేశాల కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు చెందింది, సొంత దేశంలో దారులన్నీ మూసుకుపోయాక వ్యక్తి స్వయంగా అక్కడికి వెళతాడు. ఈ చర్చలోది లక్సెంబర్గ్‌లోని కోర్టు, 27 దేశాల ఐరోపా సమాఖ్యది. ప్రత్యక్ష ప్రభావం అన్న ఏర్పాటులో విశేషమేమిటంటే వ్యక్తి తన ఊరు దాటి దావా వేయనవసరం లేదు. మేజిస్ట్రేటు స్థాయి జడ్జి కూడా ఐరోపా చట్టానికి జడ్జే. సందేహం వస్తే ఆయనే 267వ అధికరణం (ఒకప్పటి 177) కింద లక్సెంబర్గ్‌కు ప్రశ్న పంపుతాడు. జవాబు వచ్చాక తీర్పు మళ్లీ ఆయనే రాస్తాడు. ప్రశ్న పంపమని మనం కోరవచ్చు కానీ అది కక్షిదారుడి హక్కు కాదు. చివరి అంచె కోర్టులకు మాత్రం అది బాధ్యత, దానికీ 1982 నాటి చిల్ఫిట్ కేసు కొన్ని మినహాయింపులిచ్చింది.

#8 · న్యాయవిద్యార్థిని

రైన్ గారూ, ధన్యవాదాలు. ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెడుతున్న దగ్గరికి వస్తాను. ఒప్పందం కింద ఐరోపా సంస్థలు చేసే చట్టాల్లో రెగ్యులేషన్, డైరెక్టివ్ అని రెండు రకాలున్నాయి. ఒప్పందం, రెగ్యులేషన్ అర్థమయ్యాయి. రెగ్యులేషన్ దానంతట అదే ప్రతి దేశంలోనూ చట్టం. డైరెక్టివ్ అలా కాదు, ఫలితం ఇది అని చెప్పి, దారి ఎంచుకోవడం దేశానికి వదిలేస్తుంది. అయినా 1974లో వాన్ డయిన్ కేసు తరువాత డైరెక్టివ్‌ను కూడా ఎవరి మీదనైనా ప్రయోగించవచ్చని నోట్సులో రాసుకున్నాను. సరేనా?

#9 · పాత ప్లీడరు

“ఎవరి మీదనైనా” కొట్టివేయండి. పరీక్షలో అదొక్కటి చాలు మార్కులు పోవడానికి.

ముందు రాత్తి అనే ఇటలీ వ్యాపారి సంగతి చెప్పనివ్వండి, దానిలోనే కీలకముంది. ఆయన సంస్థ ద్రావకాలు, వార్నిష్‌లు డబ్బాలకెత్తి అమ్మేది. లేబుళ్లపై ఐరోపా డైరెక్టివ్‌లు రెండు వచ్చాయి, ఇటలీ రెంటినీ తన చట్టంలోకి తెచ్చుకోలేదు. ఈయన మాత్రం డైరెక్టివ్‌ల ప్రకారమే లేబుళ్లు వేశాడు. ఇటలీ పాత చట్టం ప్రకారం అది నేరం కనుక ప్రాసిక్యూట్ చేశారు. 1979 ఏప్రిల్ 5న లక్సెంబర్గ్ చెప్పినది ఇది: ద్రావకాల డైరెక్టివ్‌కు అమలు గడువు దాటిపోయింది కనుక ఆ నేరారోపణ నిలవదు, తన బాధ్యత నెరవేర్చని ప్రభుత్వం ఆ వైఫల్యాన్నే అడ్డం పెట్టుకుని పౌరుణ్ణి శిక్షించలేదు. వార్నిష్‌ల డైరెక్టివ్‌కు గడువు ఇంకా ఉంది కనుక దాన్ని ముందే నమ్ముకోవడం చెల్లదు. ఒకే మనిషి, ఒకే దుకాణం, ఒక డబ్బా గెలిచింది, ఒక డబ్బా ఓడింది.

కారణం గమనించారా? గోడ కట్టనివాడు “గోడ లేదు కదా” అని వాదించకూడదన్న సూత్రం అది. ఆ సూత్రం ప్రభుత్వానికే వర్తిస్తుంది. డైరెక్టివ్‌ను చట్టంగా మార్చకపోవడంలో మీ ఇంటి పక్క షాపువాడి తప్పేమీ లేదు కనుక అతని మీద దాన్ని ప్రయోగించలేరు. 1986 ఫిబ్రవరి 26 నాటి మార్షల్ తీర్పు ఈ గీతను ఖాయం చేసింది. మార్షల్ అనే ఆవిడ ఇంగ్లండ్ దక్షిణాన ఒక ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో సీనియర్ డైటీషియన్. అక్కడ ఆడవారికి 60, మగవారికి 65 ఏళ్లు రిటైర్మెంటు వయసు. ఆమెను 62 దాటగానే పంపేశారు. సమాన అవకాశాల డైరెక్టివ్ ఆమెను ఆదుకుంది, అదీ యజమాని ప్రభుత్వ సంస్థ అయినందువల్లనే.

#10 · సందేహాలరావు

మరి అదే ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో అదే పని చేసే అదే వయసు ఆవిడ ఉంటే? చేసే వంట ఒకటే, కొలిచే కేలరీలు ఒకటే, హక్కు మాత్రం ఒకరికి ఉంది, ఒకరికి లేదు. ఇది చట్టమా, చీట్లాటా?

#11 · పాత ప్లీడరు

ఆ వాదన బ్రిటన్ ప్రభుత్వం ఆ కేసులోనే చేసింది రావు గారూ. కోర్టు జవాబు కొంచెం మొండిగానే ఉంది: డైరెక్టివ్‌ను సకాలంలో చట్టం చేసి ఉంటే ఈ తేడా వచ్చేదే కాదు, తేడా నచ్చకపోతే చట్టం చేయండి.

1994లో అవకాశం మళ్లీ వచ్చింది. మిలాన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ దగ్గర ఫచ్చీని దోరి అనే యువతి చేత ఒక సంస్థ ఇంగ్లీషు కరస్పాండెన్సు కోర్సుకు సంతకం పెట్టించుకుంది. కొద్ది రోజులకే ఆమె మనసు మార్చుకుంది. దుకాణం బయట కుదిరిన ఒప్పందాలను రద్దు చేసుకునే హక్కు డైరెక్టివ్‌లో ఉంది, ఇటలీ చట్టంలో అప్పటికి లేదు. అడ్వకేట్ జనరల్ కార్ల్ ఓటో లెన్జ్ గీతను చెరిపేయమని సూచించారు. కోర్టు చెరపలేదు. ప్రైవేటు సంస్థ మీద డైరెక్టివ్ ప్రత్యక్షంగా పనిచేయదని మళ్లీ చెప్పింది. వృత్తిలో నేను చదివిన తీర్పుల్లో నాకు మింగుడుపడని వాటిలో ఇది ఒకటి. వినియోగదారుడి రక్షణ కోసం పెట్టిన నియమం ఎప్పుడూ దుకాణదారు మీదనే కదా పనిచేయాలి, ప్రభుత్వం మీద పనిచేసి ఏం లాభం?

#12 · రైన్ ఒడ్డున

గీతను ఉంచి, దాని చుట్టూ మూడు సందులు తీశారని చెప్పడం న్యాయం. “ప్రభుత్వం” అన్న మాటను సాగదీయడం ఒకటి. 1990లో ఫోస్టర్ కేసులో బ్రిటిష్ గ్యాస్ సంస్థ కూడా, ప్రజాసేవ బాధ్యత, ప్రత్యేకాధికారాలు ఉన్నందున, ఆ గీతకు ప్రభుత్వం వైపే పడింది.

రెండోది వ్యాఖ్యానం. జర్మనీలో ఇద్దరు మహిళలు వెర్ల్ పట్టణంలోని పురుషుల జైల్లో సామాజిక కార్యకర్తల ఉద్యోగాలకు దరఖాస్తు చేశారు. ఆడవారన్న కారణంగా ఇవ్వలేదు. అప్పటి జర్మన్ చట్టం ప్రకారం వారికి దక్కగల పరిహారం దరఖాస్తు ఖర్చు మాత్రమే. ఫాన్ కోల్సన్ అనే ఆవిడ విషయంలో అది 7 మార్కుల 20 ఫెనిగ్‌ల ప్రయాణ ఖర్చు. వివక్షకు ఖరీదు ఒక టికెట్టు! 1984లో లక్సెంబర్గ్, జాతీయ జడ్జి తన చట్టాన్ని వీలైనంతవరకు డైరెక్టివ్ ఉద్దేశానికి అనుగుణంగా చదవాలని, పరిహారం నామమాత్రంగా ఉండకూడదని చెప్పింది. ఈ దారి ప్రైవేటు కేసుల్లోనూ తెరిచే ఉంటుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది, నష్టపరిహారం. యజమాని దివాలా తీస్తే కార్మికుల జీతాల బకాయిలకు గ్యారంటీ ఉండాలని 1980 నాటి డైరెక్టివ్. ఇటలీకి గడువు 1983 అక్టోబరు 23. ఇటలీ కదల్లేదు, 1989లో కమిషన్ దావాలో ఓడి కూడా కదల్లేదు. విచెంజా ప్రాంతపు కార్మికుడు ఫ్రాంకోవిచ్‌కు జీతం రాలేదు, యజమాని నుంచి వసూలు కాలేదు. డైరెక్టివ్‌ను నేరుగా ప్రయోగిద్దామంటే, డబ్బు ఏ సంస్థ చెల్లించాలన్నది అందులో స్పష్టంగా లేదు. అక్కడ దారి మూసుకుపోయాక 1991 నవంబరు 19న కోర్టు మరో తలుపు తీసింది: చట్టం చేయకపోవడం వల్ల పౌరుడికి కలిగిన నష్టాన్ని ప్రభుత్వమే పూడ్చాలి. 1996లో దీన్ని పార్లమెంట్ల చర్యలకు, 2003లో కోబ్లర్ కేసులో అత్యున్నత న్యాయస్థానాల తప్పులకు కూడా విస్తరించారు. సుప్రీంకోర్టు చట్టాన్ని తప్పుగా అన్వయించినందుకు ప్రభుత్వం పరిహారమివ్వడం మన దగ్గర ఊహించగలమా?

#13 · న్యాయవిద్యార్థిని

మీరిద్దరూ చెప్పినవి మళ్లీ చదువుతుంటే ఒకటి తట్టింది. ఫ్రాంకోవిచ్ సంగతి లైబ్రరీలో చూశాను. 1995లో ఆయన కేసు మళ్లీ లక్సెంబర్గ్‌కు వెళ్లింది. తన యజమాని సామూహిక దివాలా విచారణకు లోబడే రకం కాకపోతే ఆ కార్మికుడికి డైరెక్టివ్ వర్తించదన్నారు. అంటే ఏ డైరెక్టివ్ పేరిట ఐరోపా మొత్తానికి నష్టపరిహార హక్కు పుట్టిందో, అది ఆయనకే వర్తించలేదు. కోబ్లర్ ప్రొఫెసరు కూడా సూత్రం గెలిచారు, ఆస్ట్రియా కోర్టు చేసిన తప్పు “స్పష్టమైనంత” తీవ్రమైనది కాదని డబ్బు ఓడిపోయారు. వాన్ డయిన్ అనే డచ్చి యువతి డైరెక్టివ్‌లకు ప్రత్యక్ష ప్రభావం సాధించారు, బ్రిటన్ మాత్రం సైంటాలజీ సంస్థలో ఉద్యోగానికి వస్తున్నారని ఆమెను రానివ్వకపోవచ్చన్నారు. ఫచ్చీని దోరి సరేసరి. నా రెండో ప్రశ్నకు జవాబు ఇదేనా, పేరు పాఠ్యపుస్తకానికి, చేతికి చిప్ప?

#14 · పాత ప్లీడరు

బాగా పట్టుకున్నారు. ఈ వరుస నేను ఇన్నేళ్లలో ఇలా పేర్చి చూడలేదు, ఒప్పుకుంటున్నాను. రావు గారి తుపాకీ మాటకు కూడా ఇది బలమిస్తుంది.

కానీ మార్షల్‌ను మరిచిపోవద్దు. గెలిచాక ట్రైబ్యునల్ ఆమెకు 19,405 పౌండ్లు లెక్కగట్టింది, బ్రిటిష్ చట్టంలోని పరిమితి మాత్రం 6,250. ఆమె మళ్లీ లక్సెంబర్గ్ దాకా వెళ్లి, 1993లో ఆ పరిమితి కూడా చెల్లదనిపించుకున్నారు. ఉద్యోగం పోయింది 1980లో. పదమూడేళ్లు! ఇలాంటి కక్షిదారులు దొరికితేనే న్యాయశాస్త్రం పెరుగుతుంది. మన వకీళ్లం వాళ్ల మీదనే బతుకుతాం కనుక ఇంతకంటే చెప్పను.

డెఫ్రెన్ సంగతి కూడా ఉంది. ఆమె బెల్జియం సబీనా విమానసంస్థలో ఎయిర్‌హోస్టెస్. అదే పనికి మగవారికి ఎక్కువ జీతం. సమాన వేతనం చెప్పే 119వ అధికరణం ఒప్పందంలోనిదే కనుక యజమాని మీద నేరుగా పనిచేస్తుందని 1976 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది. అయితే బ్రిటన్, ఐర్లండ్ పాత బకాయిల భారాన్ని తలుచుకుని హడలిపోయాయి. అప్పటికే దావా వేసినవారికి తప్ప మరెవరికీ గత కాలపు బకాయిలు రావని కోర్టు కత్తిరించింది. ముందుగా తలుపు తట్టినవారికే పాత జీతం దక్కింది, చూసి నేర్చుకున్నవారికి దక్కలేదు.

#15 · సందేహాలరావు

నన్ను సమర్థించినందుకు కృతజ్ఞతలు, ఇప్పుడు మిగతాది కూడా చెబుతాను. ఇదంతా లక్సెంబర్గ్ చెప్పింది, జాతీయ కోర్టులు చేతులు కట్టుకుని విన్నట్టు వినిపిస్తోంది. అలా జరగలేదు. 1964లో కోస్తా అనే మిలాన్ వకీలు (మన కోస్తాతో సంబంధం లేదు) విద్యుత్ జాతీయీకరణకు నిరసనగా 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టనన్నాడు, ఆ కేసులోనే ఐరోపా చట్టం దేశీయ చట్టం కంటే మిన్న అన్న సూత్రం వచ్చింది. అదే ఏడాది, దానికి కొద్ది నెలల ముందే, ఇటలీ రాజ్యాంగ కోర్టు తరువాత వచ్చిన దేశీయ చట్టానిదే పైచేయి అని తేల్చి ఉంది. ఆ కోర్టు పూర్తిగా దారికి రావడానికి 1984 దాకా పట్టింది.

ఫ్రాన్సు ఇంకా గట్టి పిండం. అక్కడి కన్సేయ్ దెతా (ప్రభుత్వ నిర్ణయాలపై తగాదాలకు అత్యున్నత కోర్టు) 1978 డిసెంబరు 22న, కోన్-బెండిట్ కేసులో, ప్రభుత్వం ఒక వ్యక్తిపై తీసుకున్న నిర్ణయాన్ని డైరెక్టివ్ చూపించి సవాలు చేయడం కుదరదని లక్సెంబర్గ్‌కు ముఖం మీదే చెప్పింది. ఆ మాట వెనక్కి తీసుకుంది 2009 అక్టోబరు 30న. జర్మనీ రాజ్యాంగ కోర్టు 2020 మే 5న, ఐరోపా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలుపై లక్సెంబర్గ్ ఇచ్చిన తీర్పు అధికార పరిధి దాటిందని ప్రకటించింది. డెన్మార్క్ సుప్రీంకోర్టు 2016లో, ఒక ప్రైవేటు యజమానికీ ఉద్యోగికీ మధ్య వయసు వివక్ష తగాదాలో, లక్సెంబర్గ్ జవాబు తెప్పించుకుని మరీ పాటించనంది. కనుక సామాన్యుడికి ఈ హక్కు ఎంతవరకు అంటే, తన ఊరి జడ్జి ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు.

#16 · పన్నుల గుమాస్తా

రావు గారి చివరి వాక్యంతో నేను ఏకీభవిస్తాను, కానీ దాని నుంచి వ్యతిరేకమైన అర్థం తీస్తాను. ఈ అవిధేయతలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవి, అందుకే మనకు తేదీలతో సహా గుర్తున్నాయి. మిగతా రోజుల్లో వేలాది చిన్న కోర్టులు మాట్లాడకుండా అన్వయిస్తూ పోతున్నాయి, వాటికి ఎవరూ పేరు పెట్టరు.

ఒక ప్రశ్న. ఇదంతా ఐరోపా పౌరులకేనా? అక్కడ చదువుకునే, పనిచేసే మన పిల్లలకు దీనిలో వాటా ఏమైనా ఉందా?

#17 · రైన్ ఒడ్డున

ఉంది, నియమం ఎవరి కోసం రాశారన్నదే చూస్తారు, పాస్‌పోర్టు రంగు కాదు. సమాఖ్య బయటి దేశాలవారి కోసమే కొన్ని డైరెక్టివ్‌లు ఉన్నాయి: కుటుంబ పునస్సమాగమం, విద్యార్థులు, పరిశోధకులు, బ్లూ కార్డు, దీర్ఘకాల నివాసం. వీటిలో ప్రతివాది ఎప్పుడూ ప్రభుత్వమే కనుక మార్షల్ గీత అడ్డం రాదు. 2010లో చక్రూన్ కేసులో భార్యను తెచ్చుకోవాలంటే కనీస వేతనంలో 120 శాతం సంపాదించాలన్న డచ్చి నిబంధన అలా గుడ్డిగా చెల్లదన్నారు. 2014లో బెన్ అలయా అనే ట్యునీషియా విద్యార్థికి డార్ట్‌ముండ్‌లో గణితం సీటు వచ్చినా, చదువు మీద శ్రద్ధ అనుమానాస్పదమని జర్మనీ వీసా నిరాకరిస్తే, డైరెక్టివ్‌లోని షరతులన్నీ తీర్చినవాడికి కొత్త షరతులు కల్పించరాదని కోర్టు చెప్పింది. ఐర్లండ్, డెన్మార్క్ ఈ వలస డైరెక్టివ్‌లలో చాలా వాటికి బయట ఉన్నాయి కనుక డబ్లిన్‌లోని మనవాళ్లు వీటిని నమ్ముకోవద్దు.

నా సొంత అనుభవం ఇంతకంటే చిన్నది. మూడేళ్ల క్రితం అమ్మను వెంటబెట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ బయలుదేరితే, విమానం ఐదు గంటలు ఆలస్యంగా చేరింది. 2004 నాటి 261వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి తలకు 600 యూరోలు. విమానం రద్దయినా, ఎక్కనివ్వకపోయినా పరిహారమని అందులో రాసి ఉంది, ఆలస్యానికి అని లేదు. మూడు గంటలు, అంతకు మించిన ఆలస్యానికి కూడా వర్తిస్తుందని 2009లో స్టర్జన్ కేసులో లక్సెంబర్గ్ చేర్చింది (రావు గారు దీనిమీద ఒక పేజీ రాయగలరు). సంస్థ సాంకేతిక లోపమని తప్పించుకోజూసింది. మామూలు సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదని 2008 డిసెంబరు నాటి వాలెంటీన్-హెర్మన్ తీర్పు ఉందని రాసి, ఇక్కడి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో, అంటే మన మున్సిఫ్ కోర్టు వంటి దానిలో, దావా వేశాను. వకీలును పెట్టుకోలేదు. విచారణ తేదీకి ముందే సంస్థ 1,200 చెల్లించింది. ఏ పార్లమెంటు చట్టమూ మధ్యలో లేదు, ప్రతివాది ప్రైవేటు సంస్థ, ఆధారం బ్రస్సెల్స్ కాగితం. అమ్మకు ఇవన్నీ చెప్పినా, డబ్బు వాపసు వచ్చినదాన్ని మాత్రమే నమ్మింది.

#18 · పన్నుల గుమాస్తా

పోలిక కోసం: అదే ప్రయాణికుడు మన దగ్గర మాంట్రియల్ ఒప్పందాన్ని పట్టుకోవచ్చు, కానీ అది 1972 విమాన రవాణా చట్టానికి మూడో షెడ్యూలుగా 2009లో అతికించినందువల్ల. ఇక్కడ పూజారి వరమిచ్చాడు.

#19 · కొత్త సభ్యుడు

రైన్ గారూ, ఆశ కలిగించారు. పోయినేడాది అక్టోబరులో అక్కయ్య ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వచ్చింది. ఒకటే బుకింగ్, గల్ఫ్ విమానసంస్థ. దుబాయ్‌లో రెండో విమానం ఆలస్యమై ఏడు గంటలు లేటు. డిసెంబరులో తిరుగు ప్రయాణంలో కూడా హైదరాబాద్‌లోనే తొమ్మిది గంటలు కూర్చోబెట్టారు. రెంటికీ 600 చొప్పున వస్తాయా?

#20 · రైన్ ఒడ్డున

వెళ్లేటప్పటిదానికి అడగవచ్చు. ఐరోపా సమాఖ్యలోని విమానాశ్రయం నుంచి బయలుదేరితే సంస్థ ఏ దేశానిదైనా రెగ్యులేషన్ వర్తిస్తుంది, ఒకే బుకింగ్‌లో ఉన్న రెండు విమానాలను ఒకే ప్రయాణంగా చూడాలని 2018లో వెగెనర్ కేసులో చెప్పారు. ఆ కేసు బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ వెళ్లిన ఆవిడది, అక్కయ్య గారిది దాదాపు అదే నమూనా. తిరుగు ప్రయాణానికి రాదు. బయటి దేశం నుంచి ఐరోపాకు వచ్చే విమానమైతే సంస్థ ఐరోపాది అయి ఉండాలి. రానూపోనూ టికెట్టు ఒకటే కదా అన్న వాదన డస్సెల్‌డార్ఫ్, దుబాయ్, మనీలా ప్రయాణికుడొకరు 2008లో చేసి ఓడిపోయారు.

గడువు రెగ్యులేషన్‌లో లేదు, దాన్ని దావా వేసే దేశపు చట్టానికి వదిలేశారు. జర్మనీలో మూడేళ్లు, సంఘటన జరిగిన ఏడాది ముగిసిన నాటి నుంచి లెక్క. బోర్డింగ్ పాసులు, ఆలస్యం గురించి సంస్థ పంపిన సందేశాలు ఉంటే అక్కయ్య గారిని భద్రపరచమనండి. ముందుగా సంస్థకు పద్నాలుగు రోజుల గడువిచ్చి ఒక లేఖ రాయండి, నమూనా కావాలంటే నాకు విడిగా సందేశం పెట్టండి.